బజారైన మిల్లు, ఖాళీయైన మండపము
(కోయంబత్తూరు, మధుర పోవు నేత కుటుంబములకు)

పెండ్లిండ్లకు, తిరునాళ్లకు మన నేత కుటుంబములవారు తమిళ దేశమునకు పోయి వచ్చుట క్రొత్త గాదు. కోయంబత్తూరులో బంధువుల ఇండ్లు, మధురలో మీనాక్షి దర్శనము, తిరుగు దారిలో నాలుగు చీరలు, పిల్లలకు మిఠాయి పొట్లము. ఇది తరతరముల వాడుక. అయితే ఈ రెండు పట్టణములలోను ఇప్పుడు చూడదగిన మార్పు ఒకటి వచ్చినది. కోయంబత్తూరులో ఒకప్పుడు నూలు వడికిన మిల్లు ఆవరణము నేడు ఫలహారశాలలు, అంగళ్లు గల బజారైనది. మధురలో తరతరములు కుట్టుమిషన్లతో, ఇత్తడి పాత్రలతో కిటకిటలాడిన రాజుగారి మండపములోని అంగళ్లను వెలుపలికి పంపించిరి. ఒకచోట పనిస్థలము బజారైనది. మరియొకచోట బజారును ఎత్తి కట్టడమును కాపాడదలచిరి. రెండింటిని ఒకే ప్రయాణములో చూచి వచ్చితిమి. అక్కడ తోచిన సంగతులను, పోవువారికి పనికివచ్చు వివరములను ఇచ్చట వ్రాయుచున్నాము.

తెలుగువారి నూలు ఊరు

కోయంబత్తూరు మనకు పరాయి ఊరు కాదు. విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకుల కాలమునను వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఆ ప్రాంతమున వేలకొలది కలవు. పెద్ద బజారునకు చేరువనున్న ఒప్పనక్కార వీధి పేరు అట్లు వచ్చిన తెలుగువారినిబట్టియే ఏర్పడినదని అక్కడివారు చెప్పుదురు. దేవాంగపేట పేరు వినగానే మనవారికి వేరే చెప్పనక్కరలేదు. అక్కడి దేవాంగులలో తెలుగు మాటాడువారు, కన్నడము మాటాడువారు ఇరువురును కలరు. రాజవీధిలోని చౌడేశ్వరీ అమ్మవారి విజయదశమి ఊరేగింపులో మగవారు కత్తులు చేతబట్టి "వేసుకో, తీసుకో, తాయే" అని కేకలు వేయుచు నడుతురు. తమిళ పట్టణము నడివీధిలో ఆ కేక వినబడినప్పుడు మన ఒడలు గగుర్పొడుచును.

మిల్లుల చరిత్రయు అట్టిదే. ఆ ఊరి మొదటి నూలు మిల్లును 1888లో స్టేన్స్ దొర పెట్టెను. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లును స్థాపించిరి. వారు తెలుగువారు. 1930ల ఆరంభములో నీలగిరులలోని పైకారా నుండి జలవిద్యుత్తు రాగానే మిల్లులు ఒకదాని వెంట ఒకటి లేచినవి. ఊరికి దక్షిణ భారత మాంచెస్టరు అను పేరు వచ్చినది. నూలు వడుకు యంత్రములను విదేశముల నుండి తెప్పించుకొనుట చాలదని 1962లో ఆ కుటుంబమువారే లక్ష్మీ మెషిన్ వర్క్స్ అను కర్మాగారమును నెలకొల్పిరి. నేడు మన దేశపు మిల్లులలో చాలావాటిలో తిరుగుచున్న కదుళ్లు అక్కడివే.

మిల్లు సంగతి మగ్గము వారికేల యని అడుగువారుండవచ్చును. చేతిరాట్నము వెనుకబడిన నాటి నుండి మన పడుగునకు, పేకకు నూలు వచ్చునది మిల్లు నుండియే. మరమగ్గమునకు కోను మీద చుట్టిన నూలు కావలెను. మనకు చిలపలు కావలెను. చిలప ఉన్నప్పుడే రంగు వేయుటకు, గంజి పెట్టుటకు వీలగును. అందుకొరకే మిల్లులు దేశీయ విక్రయమునకు కట్టు నూలులో ఇంత పాలు చిలపల రూపమున ఇవ్వవలెనని ప్రభుత్వము నిబంధన పెట్టినది. ఆ పాలు ఒకప్పుడు నూటికి 50 ఉండెను. 2003లో 40కి, 2019లో 30కి తగ్గించిరి. కావున మిల్లు మనకు పూర్తి మిత్రము గాదు, పూర్తి శత్రువును గాదు. నూలు ఇచ్చినదియు అదే, గుడ్డ నేసి మనతో పోటీ పడినదియు అదే. దాని గోడల మధ్య ఏమి జరిగినదో తెలిసికొనుట మనకు అవసరమే.

మిల్లులో అంగళ్లు

పట్టణము పెరిగినకొలది మిల్లు నేల ధర మిల్లు సంపాదనను మించిపోయినది. కూలి, కరెంటు ఖర్చులు పెరిగినవి. కొన్ని మిల్లులు మూతపడినవి. కొన్ని ఊరి వెలుపలకు పోయినవి. లక్ష్మీ మిల్లువారు నేటికిని నూలు వడుకుచున్నారు. అయితే ఆ పని పల్లడము, కోవిల్‌పట్టి వైపున జరుగుచున్నది. అవినాశి రోడ్డున పాపనాయకన్‌పాళెములోని పాత ఆవరణము మాత్రము లక్ష్మీ మిల్స్ అర్బన్ సెంటర్ అను పేరుతో బజారుగా మారినది. పాత కట్టడములను కొన్నింటిని నిలుపుకొని వాటిలో ఫలహారశాలలు, అంగళ్లు పెట్టిరి. బస్సువారిని లక్ష్మీ మిల్స్ జంక్షన్ అని అడిగిన దింపుదురు. సాయంకాలము పోవుట మంచిది. ఎండ తగ్గును, పిల్లలు తిరుగుటకు చోటుండును.

మా బృందములో ఒక పెద్దాయన ఉండిరి. వరుసకు మాకు మామగారు. వయసులో ఆ పట్టణపు మరియొక మిల్లులో పాతికేండ్లు వడుకు ఖాతాలో పనిచేసినవారు. దీపములు వెలిగిన ఆవరణములో మనుమడు చేయి పట్టుకొని లాగుచు "తాతా, ఇక్కడ కాఫీ తాగుదామా?" అనినాడు. ఆయన అటు నిటు చూచి, "తాగుదాంలే నాయనా. మిల్లంటే చప్పుడురా. పక్కవాడి మాట వినిపించేది కాదు, సైగలే. ఇక్కడ మన మాట మనకే వినిపిస్తుంటే ఏదో చావుకొచ్చినట్టుంది" అనిరి. మేము నవ్వితిమి గాని, ఆయన నవ్వలేదు. తరువాత కాఫీ త్రాగిరి. బాగున్నదని కూడ అనిరి.

ఆ బజారును నిందించుట మా ఉద్దేశము గాదు. పాడుపడిన మిల్లును కూలగొట్టి అంతస్తుల మీద అంతస్తులు కట్టుటకంటె, పాత కట్టడమును నిలిపి నలుగురు వచ్చునట్లు చేయుట మేలు. పట్టణములో పిల్లలతో కూర్చొని మాటాడుకొనుటకు చోటు కావలెను. కాని మామగారు అడిగిన ప్రశ్న మాతో బసకు వచ్చినది: "గోడ నిలబెట్టారు సరే. ఈ గోడల మధ్య నూలు ఎట్లా వచ్చేదో ఈ పిల్లలకు ఎవరు చెబుతారు?"

తిండి సంగతి కూడ చెప్పవలెను. ఇట్టి బజారులలో కుటుంబమంతయు భోజనము చేయదలచిన ధర ముందుగా చూచుకొనుట మంచిది. ఒకటి రెండు వస్తువులు రుచి చూచి, ఆకలి తీర్చుకొనుటకు వెలుపలికి వచ్చుట మా పద్ధతి. కోయంబత్తూరులో బేకరీ అనగా రొట్టెలమ్ము అంగడి మాత్రమే గాదు. టీ, బన్ను, పప్సు, నలుగురితో నిలుచుండి మాటలు, అన్నియు అక్కడనే. వీధికి ఒకటైనను ఉండును. ఇడ్లీ సాంబారునకు 1968 నుండి నడుచుచున్న అన్నపూర్ణ హోటళ్లు ఉన్నవి. వాటిని స్థాపించినవారును మన తెలుగు నాయుడుగారే.

సీమలోను ఇదే కథ

లండను నగరములో స్పిటల్‌ఫీల్డ్స్ అను పేట కలదు. 1685 తరువాత ఫ్రాన్సు నుండి మతబాధలకు తాళలేక పారిపోయి వచ్చిన పట్టు నేతవారు అక్కడ స్థిరపడిరి. మగ్గమునకు వెలుతురు చాలవలెనని ఇండ్ల పై అంతస్తులలో వెడల్పైన కిటికీలు పెట్టించుకొనిరి. కూలి రేట్లకొరకు వారు పోరాడగా 1773లో పార్లమెంటు చట్టము చేసినది. 1824లో దానిని రద్దుచేసిరి. 1860లో ఫ్రెంచి పట్టు మీద సుంకము తీసివేయగానే మగ్గములు కూలిపోయినవి. ఆ ప్రక్కనే బ్రిక్ లేను అను వీధిలో గొప్ప బీరు కార్ఖానా ఉండెను. అది 1989లో మూతపడి, నేడు అంగళ్లు, తిండి కొట్లు గల బజారైనది. అదే వీధిలో యూదుల రొట్టె అంగడి రాత్రింబవళ్లు తెరచియుండును. ప్రపంచము నలుమూలల నుండి జనులు పోయి తిని, కొని, ఆ కిటికీల ఫొటోలు తీసికొని వచ్చుచున్నారు. కిటికీలు నిలిచినవి. ఆ ఇండ్లు నేడు ధనికులు కొనునంత ఖరీదైనవి. మగ్గము మాత్రము లేదు. కట్టడము మిగులుట వేరు, పని మిగులుట వేరు అనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

మధురలో రాజుగారి మండపము

కోయంబత్తూరు నుండి మధుర 200 కిలోమీటర్ల పైచిలుకు. ఉదయము బయలుదేరిన మధ్యాహ్న భోజనమునకు చేరవచ్చును. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మొదలుపెట్టిన తెలుగు నాయకుల ఏలుబడికి రాజధాని ఇది. వారిలో ప్రసిద్ధుడు తిరుమల నాయకుడు. 1623 నుండి 1659 వరకు ఏలెను. మీనాక్షి ఆలయపు తూర్పు గోపురమునకు ఎదురుగా వసంతోత్సవము కొరకు ఆయన కట్టించినదే పుదు మండపము, అనగా క్రొత్త మండపము. వంద పైచిలుకు రాతి స్తంభములు. విశ్వనాథుని మొదలుకొని తిరుమల నాయకుని వరకు పదిమంది నాయక రాజుల విగ్రహములు రాణులతో సహా ఆ స్తంభములకు ఉన్నవి. పూర్వపు తెలుగు రాజుల వస్త్రధారణ, అంచులు, మడతలు రాతిలో చూడదలచిన నేతవారికి అది ఒక పాఠశాల.

ఆ మండపము కాలక్రమమున బజారైనది. ఇత్తడి పాత్రలు, గాజులు, పుస్తకములు, పూజాసామగ్రి, అన్నింటికంటె ముఖ్యముగా దర్జీలు. స్తంభము ప్రక్కన మిషను, మిషను ప్రక్కన గుడ్డల గుట్ట. చైత్రోత్సవములో అళగరు స్వామి వైగై నదిలో దిగునాడు భక్తులు వేసికొను వేషములకు కావలసిన ఎఱ్ఱని, పచ్చని దుస్తులు అక్కడనే కుట్టబడెడివి. దర్శనమునకు పోవునపుడు గుడ్డ ఇచ్చి, తిరిగి వచ్చునపుడు రవిక తీసికొనిన మన ఆడవారు ఎందరో ఉన్నారు.

2018 ఫిబ్రవరి 2వ తేది రాత్రి ఆలయములోని వీరవసంతరాయ మండపమున అంగళ్లకు నిప్పంటుకొని రాతి కప్పు కూలినది. అటు తరువాత పురాతన మండపములలో అంగళ్లుండరాదను మాట గట్టిపడినది. పుదు మండపపు అంగళ్లను ఈ దశాబ్దము తొలి ఏండ్లలో సమీపమునందలి కున్నత్తూరు చత్రమునకు తరలించిరి. చత్రమనగా బాటసారులకు నీడ, పట్టెడన్నము దొరకు చోటు. ఆ పాత చత్రపు స్థలములో నగరపాలకులు కట్టిన దుకాణముల భవనమునకు ఆ పేరే నిలిచినది. అన్నము పెట్టిన చోట నేడు అంగడి; అంగడి ఉన్న చోట నేడు రాయి.

చత్రములో ఒక దర్జీ వద్ద రవికలు కుట్టించుకొంటిమి. తెలుగు వచ్చిన మనిషి. వ్యాపారమెట్లున్నదని అడిగితిమి. "అన్నగారూ, అక్కడ ఉన్నప్పుడు అమ్మవారిని చూసి వచ్చేవాళ్లు మా ముందునుంచే పోయేవారు. ఇప్పుడు మమ్మల్ని వెతుక్కుంటూ రావాలి. రాయి బాగుండాలి, కాదనను. మేము కూడా బాగుండాలి కదా" అనినాడు. ఆ మాటలో రెండు ప్రక్కల న్యాయమును ఉన్నది. నిప్పు, పొగ, మేకులు రాతికి చేటు, కాపాడుట ధర్మమే. కాని తరలించిన వారిని జనము కంటబడు చోట నిలుపుటయు అంతే ధర్మము. మధుర పోవు మన కుటుంబములు మండపమును చూచి ఆగిపోక, నాలుగు అడుగులు వేసి చత్రమునకు పోయి అక్కడ కుట్టించుకొనవలెనని కోరుచున్నాము. మండపములో మరమ్మతు పని జరుగుచున్న యెడల లోనికి పోనీయరు, వెలుపలినుండి చూడవలసినదే.

మధుర రాతి మండపము మరియొకటి సముద్రము దాటి పోయినది. మదనగోపాలస్వామి ఆలయపు స్తంభములను 1912లో ఒక అమెరికా దొరసాని కొనుగోలు చేసినది. 1919లో అవి ఫిలడెల్ఫియా మ్యూజియమునకు చేరినవి. అక్కడ ధూళి పడదు, మిషను చప్పుడుండదు. ఉత్సవమును ఉండదు. రాతిని కాపాడుటలో ఎన్ని విధములున్నవో ఈ రెండు మండపములు చెప్పుచున్నవి.

త్రాగవలసిన పాలు, చూడవలసిన చుక్క

మధురలో పిల్లలు జిగర్తండా అడుగుదురు. పాలు, సముద్రపు పాచి, నన్నారి పాకము, ఐస్‌క్రీము కలిపిన చల్లని పానీయము. పెద్దలు మాత్రము పరుత్తిపాలు త్రాగవలెను. అది పత్తిగింజల పాలు. గింజలను రాత్రి నానబెట్టి, రుబ్బి, పిండి పాలు తీసి, బియ్యపు పిండి, బెల్లము, శొంఠి, ఏలకులు వేసి కాచుదురు. సాయంకాలము బండ్ల మీద వేడివేడిగా అమ్ముదురు. పత్తి దూదిని మనము కట్టుకొందుము. గింజను మధురవారు త్రాగుదురు. పత్తి నమ్ముకొన్న కులములవారు ఒక గ్లాసు త్రాగి రాకుండుట తగదు.

ఇక చీర. మధురలో కొనవలసినది సుంగుడి చీర. సౌరాష్ట్రులది ఆ పని. గుజరాతు దేశము నుండి విజయనగరము మీదుగా వచ్చిన పట్టునూలువారు వీరు. వీరి భాషలో మన మాటలెన్నో కలవు, ఒకప్పుడు వారు తెలుగు లిపిలోనే పుస్తకములచ్చు వేసికొనిరి. నూలు గుడ్డను గోటితో చిటికెడు పైకి లాగి, దారము చుట్టి ముడి వేసి, రంగులో ముంచి, ఆరిన తరువాత ముడి విప్పిన చుక్క పడును. చీరకు వేలకొలది ముడులు. ఇండ్లలో ఆడవారే ఎక్కువగా వేయుదురు. ఈ చీరకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

అయితే బజారులో సుంగుడి యని అమ్ముచున్న వాటిలో అచ్చు వేసినవే మెండు. మేమే ఒక అంగడిలో మోసపోబోయితిమి. అమ్మకపు కుఱ్ఱవాడు చేతిముడి యని ప్రమాణము చేసినాడు. మాతో వచ్చిన అత్తగారు చీరను వెలుతురుకు ఎత్తి, "బాబూ, ఈ చుక్కలన్నీ ఒక్క తల్లి పిల్లల్లాగా ఉన్నాయే. చేత్తో కడితే ఇట్లా వస్తాయా?" అనగానే మరియొక కట్ట తీసినాడు. చూడవలసిన గుర్తులివి. చేతిముడి చుక్క ఒకటి మరియొకదానితో అచ్చముగా సరిపోదు. చుక్క చుట్టు రంగు కొంచెము పాకియుండును. ముడి వేసిన చోట సన్నని ముడత వ్రేలికి తగులును. వెనుక ప్రక్కను కూడ చుక్క తెల్లగానే ఉండును. అచ్చు చీర ముందు మెరుగు, వెనుక వెలుపు.

కోయంబత్తూరులో కొనవలసినది కోర పట్టు, నూలు కలిపి నేసిన కోవై కోర చీర. కోర యనగా జిగురు తీయని పట్టు. నూలులో మరనూలు కలిసినదేమోయని అనుమానము కలిగిన కొన పోగు నొకదానిని అడిగి కాల్చి చూడవలెను. పత్తి కాగితమువలె కాలి బూడిదయగును; పాలియెస్టరు కరిగి గట్టి పూసయగును; పట్టు వెండ్రుకలు కాలిన వాసన వేయును. సందేహమే వద్దనువారు 1935లో స్థాపించిన సహకార సంస్థ కో-ఆప్టెక్స్ అంగళ్లకు పోయి, చేనేత గుర్తు చూచి కొనవచ్చును.

మన సంఘములు ఆలోచింపవలసినది

ఇదంతయు విహారయాత్ర కబుర్లుగా వ్రాయలేదు. మన ఊళ్లలోను మగ్గములాగిపోయిన షెడ్లు, తాళము పడిన సహకార సంఘముల భవనములు ఉన్నవి. రేపో మాపో ఎవరో వచ్చి, "ఈ పాత షెడ్డును బాగుచేసి, అంగళ్లు, హోటలు పెడితే ఊరికి జనం వస్తారు" అందురు. కాదనవలసిన పని లేదు. జనము వచ్చిన చోటనే గుడ్డ అమ్ముడగును. అయితే ఒప్పుకొనుటకు ముందు వరుస చెప్పవలెను: మొదట మగ్గము, తరువాత అంగడి, ఆ తరువాత తిండి. వచ్చినవాడు కాఫీ త్రాగుచు గుంట మగ్గము మీద నాడె ఆడుటను కన్నులార చూచిన, చీర ధర ఎక్కువని బేరమాడుటకు నోరు రాదు. మగ్గము లేని అంగడిలో మన చీర ప్రక్కన అచ్చు చీర పెట్టిన, ధర తక్కువదే గెలుచును.

రెండవది బాడుగ. పెద్ద బజారులో అంగడి బాడుగ ఒక్క నేతగాడు మోయలేడు. నాలుగు సంఘములు కలిసి ఒక అంగడి పట్టి, వారమునకు ఒకరు చొప్పున కూర్చొన్న మోయవచ్చును. మూడవది ఒప్పందము. పాత భవనమును ఇచ్చునపుడు, అందులో పనిచేసినవారికి, వారి బిడ్డలకు చోటెక్కడ అనునది కాగితము మీద ఉండవలెను. మధుర దర్జీ మాట మరువరాదు.

తిరుగు ప్రయాణమున రైలులో మామగారు మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఒక చిలప నూలు విప్పి, మిల్లులో ఏకు ఎట్లు పట్టుదురో, దారము ఎట్లు పురి ఎక్కునో చేతులతో చూపుచుండిరి. కుఱ్ఱవాడు కాసేపటికి తానే పురి త్రిప్పసాగినాడు. ఎదుటి బెంచీవారు కూడ వంగి చూచిరి. మీ కుటుంబములు ఆ వైపు పోవునపుడు పిల్లలను తప్పక తీసికొని పొండు. బజారు చూపించుడు, మిఠాయి పెట్టించుడు. అక్కడ ఏ పని జరిగెడిదో కూడ చెప్పుడు.